కల్లంలో గళ్ళ దుప్పటి

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను మాత్రం ఒక్క అక్షరం కల్పించి చెప్పను. ఖురాను మీద చెయ్యేసి చెప్పమన్నా ఇదే చెబుతాను, ఇంతే చెబుతాను. ఆ రాత్రి ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండి ఉంటే, కళ్ళు అలిసిపోయాయిలే అనుకుని ఎప్పుడో వదిలేసేదాన్ని. కానీ ముగ్గురం ఉన్నాం. ముగ్గురం చూశాం.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు మస్తాన్‌బీ. చిలకలూరిపేటలో హైవేకి కాస్త లోపలగా మాకు చిన్న స్టూడియో ఉంది. మా ఆయన పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వీడియో తీస్తాడు. ఆయన తెచ్చినదాన్ని కోసి, కూర్చి, పాట పెట్టి, చూడబుద్ధయ్యేట్టు చేసేది నేను. గొప్పకి చెప్పడం కాదు గానీ ఈ పనిలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. తెర మీద ఏ తేడా కనిపించినా అదెందుకొచ్చిందో నేను చెప్పగలను. పెళ్ళికూతురి మొహం ఆకుపచ్చగా వచ్చిందా... అది షామియానా గుడ్డ రంగు. గాలిలో తెల్లటి గుండ్రటి మచ్చలు తేలుతున్నాయా... అది ఫ్లాష్ వెలుతురు పడ్డ దుమ్ము. ఒకాయన గృహప్రవేశం వీడియో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, మెట్ల మీద చనిపోయిన వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడని. అది దండెం మీది పంచె అని పెద్దది చేసి చూపించి పంపాను. అలాంటిదాన్ని నేను. భయపడే మనిషిని కాదు. ఇప్పటికీ కాదు.

సరే. మిరపకాయల సీజన్ నడుస్తోంది. ఒకరోజు సువార్తమ్మ అని ఒకామె వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో కాయలకి తొడిమలు తీసే పని ఆమెది. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. చీరలో, జుట్టులో, అంతటా కారం ఘాటు. అందుకని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మని నేనే లాక్కొచ్చి కూర్చోబెట్టాను.

భర్త చనిపోయి ఏడాది కావస్తోందట. పేరు ఏసోబు. వాళ్ళ చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నారు. ఆ రోజు తెర మీద వేయడానికి చిన్న వీడియో కావాలంది. ఉన్న ఫోటోలన్నీ ఇచ్చింది. ఎక్కువేం లేవు. పెళ్ళినాటిది ఒకటి, అంచులు చెదలు తిన్నాయి. క్రిస్మస్ నాడు కొత్త చొక్కాతో ఒకటి. చివరగా ఫోను తీసి ఇంకొకటి చూపించింది.

"ఇదే ఆఖరుదమ్మా. ఇది తప్పకుండా ఉండాల," అంది.

చూశాను. అప్పుడప్పుడే తెల్లవారుతున్న వెలుతురు. నేలంతా ఆరబోసిన మిరపకాయలు. ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు. ఆ ఎరుపు మధ్యలో ఒక నవారు మంచం. మంచం మీద ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడదాకా గళ్ళ దుప్పటి. మొహం మీదికి తలగుడ్డ లాక్కున్నాడు. గడ్డం ఒక్కటే కనిపిస్తోంది.

ఆ ఫోటో కథ ఆమే చెప్పింది. ఏసోబు ఆ సీజన్‌లో కోటేశ్వరరావు గారనే రైతు కల్లంలో రాత్రి కాపలా ఉండేవాడు. ఒకరోజు ఆయన పొద్దున్నే కల్లానికి వచ్చారు. కాపలా మనిషి ఇంకా లేవలేదు. నవ్వుకుని, ఫోనుతో ఫోటో తీసి, మా కాపలా చూడండి అని తెలిసిన రైతుల గ్రూపులో పెట్టారు. పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి లేపితే ఏసోబు లేవలేదు. రాత్రే ఎప్పుడో గుండె ఆగిపోయి ఉంటుందని డాక్టరు అన్నాడట. ఆ ఫోటో ఒకరి నుంచి ఒకరికి తిరిగి, చివరికి సువార్తమ్మ ఫోనుకే వచ్చి చేరింది.

ఆమె ఏడవలేదు. ఒక్కటే అంది. ఆ ఫోటో తీసినప్పుడు ఆయన ఉన్నాడా, పోయాడా అన్నది తనకి తెలియదని. రాత్రిళ్ళు అదే గుర్తొస్తుందని. చీకట్లో, అంత పెద్ద కల్లంలో, ఒక్కడే పోయాడేమోనని.

నేను నా పని గురించి ఆలోచించాను. చేతులు మారీ మారీ ఆ ఫోటో బాగా నలిగిపోయింది. చర్చి తెర మీద వేస్తే మొత్తం ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. అసలుది కావాలి. అది కోటేశ్వరరావు గారి ఫోనులో ఉంటుంది. నువ్వు అడుగు అంటే సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది. ఏడాదిగా ఆయనతో మాటల్లేవట. గొడవేం కాదు... మాటలు రాలేదు, అంతే.

నేనే ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. ఫోటో నలగకుండా పంపడం తనకి రాదనీ, సాయంత్రం ఫోను తనే పట్టుకొస్తాననీ ఆయన అన్నారు. వచ్చేసరికి రాత్రయింది. మిర్చి యార్డులో పని పడిందట. అప్పటికే సువార్తమ్మ వచ్చి కూర్చుని ఉంది, వీడియో ఎంతవరకూ వచ్చిందో చూసుకుందామని. ఇద్దరూ ఒకే వేళకి వస్తారని నేను అనుకోలేదు. మా ఆయన ఒంగోలులో పెళ్ళికి వెళ్ళాడు. స్టూడియోలో నేను, వాళ్ళిద్దరు.

ఆయన గుమ్మంలో ఆమెని చూసి ఆగిపోయారు. ఆమె లేచి నిలబడింది. కూర్చో సువార్తా అని మెల్లగా అన్నారు. ఆమె కూర్చుంది. ఆయన కూర్చోలేదు. ఫోను నా చేతికిచ్చి నా కుర్చీ వెనకాల నిలబడ్డారు.

ఫోటో కంప్యూటరులోకి ఎక్కించాను. అబ్బ... ఎంత పెద్ద ఫోటో అది. ఒక్కో మిరపకాయ విడివిడిగా కనిపిస్తోంది. దుప్పటి మీది గళ్ళు, నవారు అల్లిక, మంచం కోళ్ళకి అంటిన మట్టి... అన్నీ. దాన్ని వీడియోలో పెట్టి, మెల్లగా దగ్గరికి వెళ్ళేట్టు జూమ్ పెట్టాను. దూరం నుంచి కల్లం మొత్తం... అక్కణ్ణుంచి నెమ్మదిగా మంచం దగ్గరికి. ప్లే నొక్కాను.

కల్లం కదిలింది.

ఎరుపంతా చీమలు పాకినట్టు జిలజిలమంది. నవారు పట్టీలు వణికాయి. దుప్పటి గళ్ళు అటూ ఇటూ పాకుతున్నాయి. ఆ పాకుడులో... దుప్పటి ఛాతీ దగ్గర లేచినట్టు, పడినట్టు ఉంది.

సువార్తమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

"ఊపిరి తీస్తన్నాడు," అంది.

అరవలేదు. మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు అంది. నా వెనకాల కోటేశ్వరరావు గారు నా కుర్చీ వీపు పట్టుకున్నారు. కుర్చీ కిర్రుమంది.

నాకు ఒక్క క్షణం కూడా భయం వెయ్యలేదు. ఇది నాకు తెలిసిన జబ్బే. ఆపి, ఇద్దరికీ విడమరిచి చెప్పాను. ఫోటో చాలా పెద్దది, తెర చిన్నది. ఫోటోలో ఉన్న చుక్కలన్నీ తెర మీద పట్టవు. అందుకని కంప్యూటరు కుదిస్తుంది. తొందరలో కుదించేటప్పుడు అది చేసేది ఏమిటంటే, యార్డులో బస్తాకి ఒక్క కాయ తీసి చూసి రంగు చెప్పేయడం లాంటిది. మరుక్షణం జూమ్ కొంచెం జరుగుతుంది. అప్పుడు అదే బస్తాలోంచి ఇంకో కాయ తీస్తుంది. ఆ కాయ రంగు వేరు. అలా క్షణక్షణానికీ మారిపోతుంటే, కదలని వస్తువు కూడా కదులుతున్నట్టు ఉంటుంది. సన్నటి గీతలు, గళ్ళు ఉన్నచోట మరీ ఎక్కువ. మంగళగిరి చీరల సన్న గళ్ళతో నేను రోజూ పడే పాటే ఇది. దీనికి మందు ఉంది. స్కేలింగ్ క్వాలిటీ అని ఒక సెట్టింగు. దాన్ని పెంచితే బస్తా మొత్తం కుమ్మరించి, కలిపి, అప్పుడు రంగు చెబుతుంది. కొంచెం ఆలస్యం అవుతుంది గానీ వణుకు పోతుంది.

కోటేశ్వరరావు గారు గట్టిగా ఊపిరి వదిలారు. అంతేనా అమ్మాయ్ అన్నారు. అంతేనండి అన్నాను. సువార్తమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

సెట్టింగు పెంచాను. కంప్యూటరు కాసేపు గింజుకుంది. దాని ఫ్యాను హోరు పెరిగింది... తర్వాత తగ్గింది. మొదటికి తెచ్చి మళ్ళీ ప్లే నొక్కాను.

ఈసారి కల్లం కదల్లేదు. ఎర్ర తివాచీ పరిచినట్టు నిలిచిపోయింది. నవారు పట్టీలు గీత గీసినట్టు ఉన్నాయి. మంచం కోళ్ళు కదల్లేదు. జూమ్ మెల్లగా, నూనె మీద జారినట్టు దగ్గరికి వెళుతోంది. చూశారా అని వెనక్కి తిరగబోయాను.

తిరగలేదు.

దుప్పటి లేచింది.

ఛాతీ దగ్గర... గళ్ళలో ఒక నీలం గీత. అది మెల్లగా పైకి వంగింది. ఆగింది. మెల్లగా కిందికి వచ్చింది. చుట్టూ ఏదీ కదలడం లేదు. ఒక్క కాయ కూడా. ఆ గీత ఒక్కటే.

ఆపాను. జూమ్ వల్ల అనుకున్నాను. జూమే తీసేశాను. ఇప్పుడది కేవలం ఫోటో. గోడకి తగిలించిన పటం ఎంతో, అదీ అంతే. ఒకే ఫోటో మళ్ళీ మళ్ళీ అలాగే కనిపించాలి. అందులో కదలడానికి ఏమీ ఉండదు. కుదించే పని కూడా ప్రతిసారీ ఒకేలా జరుగుతుంది, తేడా రాదు. ఇది నాకు నా పేరంత ఖాయంగా తెలుసు. పెట్టిన పాట కూడా తీసేశాను, ఎందుకో. ప్లే నొక్కాను.

బయట హైవే మీద లారీలు పోతున్నాయి. ఆ చప్పుడు వినిపిస్తోంది. గదిలో మాత్రం...

నీలం గీత లేచింది. పడింది.

చాలాసేపు ఏమీ లేదు. నేను కుర్చీలో ఎలా కూర్చున్నానో అలాగే ఉండిపోయాను. వేలు మౌస్ మీద ఉంది. నొక్కాలని ఉంది... నొక్కడం లేదు.

మళ్ళీ లేచింది. ఈసారి కొంచెమే. గీత మధ్యలో సన్నగా వణికింది. పడింది.

ఇంకా చాలాసేపు...

నాకు తెలియకుండానే నా ఊపిరి నేను బిగబట్టి ఉన్నాను. ఛాతీ నొప్పి పుడితే తెలిసింది. అయినా వదల్లేదు. ఎవరూ వదల్లేదు. వెనకాల కోటేశ్వరరావు గారి వైపు నుంచి చప్పుడే లేదు.

మరోసారి లేచింది. మెల్లగా... చాలా మెల్లగా... ఎప్పుడూ లేనంత పైకి. దుప్పటి అంచు గడ్డానికి తగిలింది. అక్కడ ఆగింది. తర్వాత దిగింది. దిగుతూ, దిగుతూ, గీత తిన్నగా అయిపోయింది. గళ్ళన్నీ గళ్ళలా సర్దుకున్నాయి.

చూశాం.

చూస్తూనే ఉన్నాం.

ఇక లేవలేదు.

"అయిపోయింది," అంది సువార్తమ్మ.

ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్ళకి కాదు. చెమట. నేను అప్పుడు చూశాను, నా చేతులు కూడా తడిసి ఉన్నాయి. కోటేశ్వరరావు గారు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, అంత పెద్దమనిషి, చెప్పులు విడిచే చోట.

సువార్తమ్మ ఆయన వైపు తిరిగింది. ఏడాది తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాటలు నేను విన్నాను.

"వెలుతురు వచ్చిందాకా ఉన్నాడు బాబుగారూ. ఇన్నాళ్ళూ చీకట్లో ఒక్కడే పోయాడనుకున్నా. మీరు దగ్గరున్నారు."

ఆయన తలెత్తలేదు.

"నేను పిలవలేదు సువార్తా. ఒక్కసారి కూడా పిలవలేదు. ఫోటో తీసుకుని నవ్వుకుంటా పోయాను."

"తెలుసు," అంది ఆమె. "అయినా మీరున్నారు."

ఆమె మాటలో కోపం లేదు. అది నేను ఖాయంగా చెప్పగలను. దేవుడి దగ్గర ఏదో అడిగి, అది దొరికినదానిలా ఉంది. ఆయనకి మాత్రం ఆ మాట కత్తిపోటే. ఏడాదిగా డాక్టరు మాట పట్టుకుని బతుకుతున్నారు కదా, నేను వెళ్ళేసరికే పోయి ఉన్నాడని. ఇప్పుడది చేతిలోంచి జారిపోయింది.

ఇద్దరినీ ఆటో ఎక్కించి పంపాను. ఒకే ఆటోలో వెళ్ళారు. ఆమె వెనక సీట్లో, ఆయన డ్రైవరు పక్కన. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. ఇంటికి పోలేదు. పారిపోతే నేను నేను కాదు.

మళ్ళీ ప్లే చేశాను. కదల్లేదు. సెట్టింగు తగ్గించాను, జూమ్ పెట్టాను. కల్లం చీమల్లా పాకింది, మొదటిసారి లాగే. సెట్టింగు పెంచాను. అంతా నిలిచిపోయింది, దుప్పటితో సహా. పోనీ అని ఇంకో పరీక్ష పెట్టాను. మా పని చేసేవాళ్ళకి ఎవరికైనా తెలుసు, వీడియోలోని రెండు ఫ్రేములు, అంటే రెండు క్షణాల బొమ్మలు, ఒకదాని మీద ఒకటి వేసి తేడా మాత్రమే చూపించమంటే చూపిస్తుంది. ఎక్కడైనా వెంట్రుకంత కదలిక ఉన్నా తెల్లగా మెరుస్తుంది. జూమ్ మళ్ళీ తీసేసి, మొదటి ఫ్రేము మీద ఆఖరు ఫ్రేము వేశాను. తెర మొత్తం నలుపు. మధ్యలోవి వేశాను. నలుపు. ఒక్క తెల్ల చుక్క లేదు.

అంటే కంప్యూటరులో ఏదీ కదల్లేదు. మరి మేం చూసింది...

మొదట వణుకు చూశాం కాబట్టి, కళ్ళకి ఆ అలవాటు మిగిలిపోయి ఉండొచ్చు. సువార్తమ్మ ఊపిరి అంది కాబట్టి మేం ఊపిరి చూసి ఉండొచ్చు. ఇవన్నీ నేను అనుకున్నాను. ఒప్పుకోవడానికి కూడా సిద్ధమే. కానీ ముగ్గురికీ ఒకేసారి మొదలై, ఒకేసారి ఎలా ఆగింది? ఆఖరుసారి దుప్పటి అంచు గడ్డానికి తగిలిందని నేను ఎవరికీ చెప్పలేదు. ఆటో ఎక్కుతూ ఆ మాట సువార్తమ్మే అంది. గడ్డానికి తగిలింది చూశావా అమ్మా అని.

ప్రార్థన రోజు వీడియో నేనే తీసుకెళ్ళి వేశాను. ఆ ఫోటో తీసేద్దామా అని ముందే అడిగితే సువార్తమ్మ వద్దంది. చర్చి నిండా జనం. పెళ్ళి ఫోటో వచ్చినప్పుడు ముసలివాళ్ళు గుర్తుపట్టి మాట్లాడుకున్నారు. తర్వాత కల్లం ఫోటో వచ్చింది. నేను తెర చూడలేదు. సువార్తమ్మని చూశాను. ఆమె పాట పాడుతోంది. కోటేశ్వరరావు గారు ఆఖరు వరసలో ఉన్నారు. ఆ ఫోటో అయిపోయేదాకా తల వంచుకుని కూర్చున్నారు.

తర్వాత ఒకరోజు బస్టాండులో సువార్తమ్మ కలిసింది. ఆ రాత్రి చూసింది నిజమే కదమ్మా అని అడిగింది. నాకు తెలియదు అన్నాను. అంతవరకూ నా పనిలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆమె నవ్వింది. నీకే తెలియలేదంటే కంప్యూటరు పని కాదులే అంది. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

కోటేశ్వరరావు గారు కూడా వచ్చారు. పట్టపగలు, ఒక్కరే. ఈసారి కుర్చీలో కూర్చున్నారు. అది కంప్యూటరు తప్పేనా అమ్మాయ్ అన్నారు. నువ్వు అవునంటే నమ్ముతానన్నారు. అవునండి అనడం నాకెంత తేలికో మీరే చెప్పండి. తెర మీది తేడాలకి కారణాలు చెప్పడమే కదా నా బతుకు. ఆ ఒక్క మాటతో ఆయనకి నిద్ర పట్టేది. కానీ సువార్తమ్మతో ఒకటి, ఆయనతో ఒకటి చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలియదండి అన్నాను.

ఆయన కుర్చీ తెర వైపు జరుపుకున్నారు. తర్వాత ఆ ఫోటో ఒకసారి వెయ్యమన్నారు.

వేశాను. ఎర్రటి కల్లం, మంచం, గళ్ళ దుప్పటి. ఇద్దరం చూశాం. అయిపోయింది. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశాను. ఏదీ కదల్లేదు. ఆయన మాత్రం కుర్చీలో ముందుకు వంగి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"ఏం కదలడం లేదు కదండీ," అన్నాను.

"ఈసారి కదిల్తే పిలుద్దామని," అన్నారు.

నేను ఆపలేదు. అది ఆగకుండా మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు పెట్టి, శబ్దం చెయ్యకుండా లేచి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.